ఎత్వం బదులు ఏత్వం

బతు బస్తీ,
పోర్ట్ బ్లెయిర్,
3 ఫిబ్రవరి 2025

పెద్దమ్మకి,

నేను కళని, నీ చెల్లెలు కామమ్మ కూతుర్ని. ఇలా నేనెవరో చెప్పుకోవాల్సి వస్తోంది, నీకు ఉత్తరం రాసి అన్నేళ్ళయింది మరి. ఫోన్ చేస్తే నీకు వినపడదు. చిట్టిబాబు అన్నయ్య చేత చెప్పిస్తే సగం మాటలు ఆయన దగ్గరే ఉండిపోతాయి. అందుకని కాగితం తీశాను.

వాసుదేవ్ మామయ్య పోయి ఈ రోజుకి పదహారు రోజులు. కబురు నీకు అందింది. నువ్వు రాలేదు. ఎనభై ఒకటో ఏట డిగ్లీపూర్ నుంచి పోర్ట్ బ్లెయిర్ దాకా ఆ అడవి దారిలో రోజంతా బస్సులో కూర్చోవడం మాటలు కాదు, నాకు తెలుసు. కానీ నీకున్నది ఒక్క తమ్ముడు. ఆసుపత్రిలో చివరి రెండు రోజులూ ఒకటే మాట. "మీ పెద్దమ్మ వొచ్చీదాకా నన్ను నీటిలో కలపొద్దే కళా." అందుకని అస్థికలు ఇంకా కలపలేదు. ఉగాది దాటనివ్వకూడదని ఇక్కడి పెద్దవాళ్ళు తొందరపెడుతున్నారు. నువ్వు వస్తేనే ఆయన మాట నిలబడుతుంది.

ఇంకో సంగతి. ఇక్కడికొచ్చాక మామయ్య దగ్గర ఇంగ్లీషు నేర్చుకున్నవాళ్ళు ఇరవై మూడో తారీకున సభ పెడుతున్నారు. ఆయన జీవితం గురించి నన్ను మాట్లాడమన్నారు. మూడో తరగతి పిల్లలకి తెలుగు చెప్పుకునేదాన్ని, నాలుగు దేశాల్లో పాఠాలు చెప్పిన ఇంగ్లీషు ప్రొఫెసర్ గురించి నేనేం మాట్లాడను? నాకు తెలిసింది రిటైరై వచ్చి మా పక్క గదిలో పదేళ్ళున్న మనిషి. పెళ్ళి చేసుకోలేదు, పిల్లల్లేరు. గదిలో నాలుగు పాత పాస్‌పోర్టులు, ఈ ఉక్కలో ఎందుకూ పనికిరాని మూడు స్వెటర్లు. రోజూ పొద్దున్నే జంగ్లీఘాట్ వెళ్ళి చేపలు తెచ్చేవాడు. బేరం తెలుగులో మొదలుపెట్టి హిందీలోకి దిగి, కోపం వస్తే ఇంగ్లీషులో ముగించేవాడు. హోటల్ బోర్డు మీద స్పెల్లింగ్ తప్పు కనిపిస్తే లోపలికెళ్ళి చెప్పేదాకా టీ తాగేవాడు కాదు. చెప్పాక వాళ్ళు టీ పోసేవాళ్ళు కాదు. పోయినేడు పోర్ట్ బ్లెయిర్ పేరు మార్చినప్పుడు, "నాకు రాసీవోళ్ళే నేరు, ఇంక అడ్రసు మారితే ఏటి, మారకపోతే ఏటి?" అని నవ్వాడు. నవ్వాడు గానీ ఆ రోజంతా గదిలోంచి బయటికి రాలేదు.

మా అమ్మా లేదు, ఆయన చిన్నతనం తెలిసిన మనిషివి ఇక నువ్వొక్కదానివే. వస్తే నోటితో చెప్పు. రాలేకపోతే నాలుగు ముక్కలు రాసి పంపు. నీ కోసం చూస్తూ ఉంటాను.

నీ చెల్లెలి కూతురు,
కళ

*

డిగ్లీపూర్,
10 ఫిబ్రవరి 2025

కళకి,

నీ ఉత్తరం వచ్చింది. నీ చేతిరాత బాగుంది, మీ అమ్మ రాతలా ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉండదు. ఇక్కడ అకాలంగా రెండు వానలు పడి ఆరబెట్టిన వక్కలన్నీ తడిశాయి. చిట్టిబాబుకి చేపల వేట అంతంత మాత్రం.

వాడు పోయాడని తెలిసిన రోజు తలస్నానం చేశాను. రెండు పూటలు తినలేదు. అక్కగా నేను చెయ్యవలసింది అయిపోయింది. నేను రాను.

ఉగాది లోపు కలపాలంటే కలిపెయ్యండి. పోర్ట్ బ్లెయిర్‌లో సముద్రానికేం కరువు? వాడికి నేనెందుకు? వాడు నాకు ఏం రాశాడో వాడికి తెలుసు. చదువుకోనివాడు తెలియక రాశాడంటే నమ్ముతాను, ప్రొఫెసర్ తెలియక రాస్తాడా?

సభలో నా పేరు ఎత్తవద్దు. పిల్లలకి పాఠాలు బాగా చెప్పు.

పెద్దమ్మ

*

బతు బస్తీ,
16 ఫిబ్రవరి 2025

పెద్దమ్మకి నమస్కారాలు.

నీ ఉత్తరం చదివాను. కోపం వచ్చింది, దాచుకోను. పోయిన మనిషి మీద ఇంత కక్షా?

ఆలోచిస్తే కారణం ఒక్కటే తోచింది. జోగులు పెదనాన్న పోయినప్పుడు మామయ్య రాలేదని కదా నీ కోపం? వచ్చే బదులు ఉత్తరం రాసి చేతులు దులుపుకున్నాడనుకున్నావు కదా? అసలు జరిగింది విను. అప్పుడాయన ఇథియోపియాలో ఒక కొండ ఊళ్ళో కాలేజీలో ఉన్నాడు. మనం ఇచ్చిన టెలిగ్రాం పంతొమ్మిది రోజులకి చేరింది. అప్పటికి పెదనాన్న కర్మ కూడా అయిపోయింది. ఆ పూట క్లాసుకి వెళ్ళి, పాఠం మొదలుపెట్టి, మాట రాక కుర్చీలో కూర్చుండిపోయాడట. పిల్లలు చప్పుడు చెయ్యకుండా ఒక్కొక్కరే బయటికి వెళ్ళారట. ఒక అమ్మాయి మాత్రం మళ్ళీ వచ్చి, కాఫీ కాచి తెచ్చి బల్ల మీద పెట్టి వెళ్ళిందట. "ఆ పిల్లకి నా బాస రాదు, నాకు దాని బాస రాదు. అయినా ఎవులో పోయినారని తెలిసిపోనాది," అని నాతో చెప్పాడు. ఆ కాలేజీలో అందరికంటే ఎక్కువ మాటలు తెలిసిన మనిషికి ఆ రోజు ఆ కాఫీ తప్ప ఏదీ అర్థం కాలేదట. రాలేకపోయాడు పెద్దమ్మా, రాకపోవడం కాదు.

నీకు జవాబు రాదని తెలిసినా ఉత్తరాలు రాస్తూనే ఉన్నాడు. ఒమన్ నుంచి రాశాడు, మాల్దీవుల నుంచి రాశాడు, పపువా నుంచి రాశాడు. చిట్టిబాబు అన్నయ్యకి ఫోన్ చేసి నీకిమ్మంటే నువ్వు చెయ్యి ఊపేసేదానివట. "మీ పెద్దమ్మకి చెవుడు నేదే, నామీద కోపవే," అనేవాడు. నిజంగానే వినపడదు మామయ్యా అని ఎంత చెప్పినా నమ్మలేదు.

ఒకసారి నీ దగ్గరికి వచ్చాడు కూడా. 2016లో. ఈ సంగతి నీకు తెలియదు. తెల్లవారకముందే బస్సెక్కాడు. కొత్త చొక్కా తొడుక్కున్నాడు, జుట్టుకి రంగు కూడా వేసుకున్నాడు, మా ఆయన తెగ ఏడిపించాడు. మర్నాడు సాయంత్రానికి తిరిగొచ్చేశాడు. డిగ్లీపూర్‌లో బస్సు దిగాడట, ఒక కొట్టు దగ్గర నీ ఇల్లెక్కడని అడిగాడట, అక్కణ్ణుంచే వెనక్కి తిరిగాడట. ఎందుకని అడిగితే "మొహం చెల్లనేదే కళా" అన్నాడు. అంతే.

ఇంత చేసిన మనిషిని క్షమించడానికి నీకు ఇంకేం కావాలి? సభ ఇంక వారమే ఉంది. నేను మాట్లాడటానికి కాగితం మీద మొదటి వాక్యం కూడా రాయలేదు.

కళ

*

డిగ్లీపూర్,
22 ఫిబ్రవరి 2025

కళా,

దీవెనలు తర్వాత. ముందు ఇది చదువు.

మీ పెదనాన్న పోయినప్పుడు రాలేదని నాకు కోపమా? మొగుణ్ణి, కొడుకుని సముద్రం మీదికి పంపించి గుమ్మంలో కూర్చున్నదాన్ని. దూరం అంటే ఏమిటో నాకు నువ్వు చెప్పాలా? వాడు రాలేడని నాకు ముందే తెలుసు. కబురు అందగానే చంటిపిల్లాడిలా ఏడుస్తాడని కూడా తెలుసు, వాణ్ణి పెంచింది నేను.

చిన్నతనం అడిగావుగా. శ్రీకాకుళం వైపు నుంచి మా అయ్య రాముడు మమ్మల్ని ఓడెక్కించినప్పుడు నాకు పదకొండేళ్ళు, వాడికి మూడు. మీ అమ్మకి ఆరు. అమ్మ ఎక్కిన గంట నుంచీ వాంతులతో పడుకుంది. ఓడ ఊగుడికి ఎక్కడ జారిపోతాడో అని వాణ్ణి పాత చీరతో నా నడుముకి కట్టుకున్నాను. నాలుగు రోజులు అలాగే తిన్నాను, అలాగే నిద్రపోయాను. దిగాక కూడా వాడు నన్ను వదిలేవాడు కాదు. చేపలు కడిగే చోట ఎత్తుకుని కూర్చుంటే, రేవులో ఓడల మీద రాసిన అక్షరాలు వేలు పెట్టి చూపించి ఇదేంటప్పా అదేంటప్పా అని ప్రాణం తీసేవాడు. నాకేం తెలుసు, అవి ఇంగ్లీషు. నేను మన ఊళ్ళో నాలుగో తరగతి దాకా చదివిన తెలుగుతో ఆగిపోయాను. వాణ్ణి హిందీ బడిలో వేశారు. ఆ బడికి వాగు దాటాలి. రెండేళ్ళు భుజాన ఎత్తుకుని దాటించాను. అలా ఒకే ఇంట్లో పెరిగి ఒకరి రాత ఒకరం చదవలేని వాళ్ళమయ్యాం. ఇంటికి ఉత్తరం రాయాలంటే తెలుగు మాటల్నే హిందీ అక్షరాల్లో రాసేవాడు.

1996లో మీ పెదనాన్న పోయిన నెలన్నరకి వాడి ఉత్తరం వచ్చింది. అంతకుముందు మీ పెదనాన్నకే రాసేవాడు, నా పేరు మీద వాడు రాసిన మొదటి ఉత్తరం అది. మా పక్కింట్లో హిందీ మాస్టారుండేవాడు. రాంచీ మనిషి, తెలుగు ముక్క రాదు. ఒక్కో అక్షరం కూడబలుక్కుని పైకి చదువుతుంటే మేం వినేవాళ్ళం. చిట్టిబాబు వేటకి వెళ్ళాడు. ఎదురింటి గురువమ్మ ఉంది, కొట్టు గవరయ్య ఉన్నాడు, ఇంకా నలుగురైదుగురు పలకరించడానికి వచ్చి ఉన్నారు. మాస్టారు గొంతు సవరించుకుని మొదటి మాట చదివాడు.

"పేదప్పా."

నేనే మళ్ళీ చదవమన్నాను. "పేదప్పా" అన్నాడు. గవరయ్య నవ్వు ఆపుకోలేకపోయాడు. "దేసాలెల్లినోడు అప్పకి బలే పేరెట్టినాడు," అన్నాడు.

అక్కా అనడు, అప్పా అనేవాడు నన్ను. పుట్టి నోరు తిరిగినప్పటి నుంచి వాడి నోట ఇంకో పిలుపు వినలేదు. మొగుడు పోయి, ఇంటి మీద రేకులు సగం ఎగిరిపోయి, నలుగురి మధ్య కూర్చున్న రోజు వాడికి నేను పేదప్పనయ్యాను. పేదదాన్నే. అబద్ధం కాదు. కానీ వాడు అనాలా? ఉత్తరం లాక్కుని లోపలికి పోయాను. మిగతాది ఏం రాశాడో వినలేదు. ఆ తర్వాత ఎన్ని వచ్చినా మొదటి మాట అదే. హిందీ రాకపోయినా దాని ఆకారం నాకు గుర్తుండిపోయింది. విప్పడం, ఆ మాట చూడటం, పొయ్యిలో పెట్టడం. ఊళ్ళో ఆ పేరు నాకు అంటుకుపోయింది. గవరయ్య కొట్టులో ఇప్పటికీ నేను పేదప్పనే. పిల్లలకైతే నా అసలు పేరే తెలియదు.

మీ అమ్మకి కూడా ఈ మాట చెప్పలేదు. చెప్పుకుంటే మళ్ళీ నేనే చిన్నబోవాలి. ఇప్పుడు చెప్పు, ఎవరిది కక్ష?

అచ్చమ్మ

*

బతు బస్తీ,
1 మార్చి 2025

పెద్దమ్మా,

ఈ ఉత్తరం కూర్చుని చదువు. పక్కన ఎవరైనా ఉంటే మంచిది.

నీ ఉత్తరం అందాక మామయ్య గదంతా వెతికాను. పాత డైరీలో ఒక కాగితం దొరికింది. డిసెంబరులో నీకు రాయడం మొదలుపెట్టి పూర్తి చెయ్యలేదు. హిందీ అక్షరాలే. నేను తెలుగు మనిషిని కాబట్టి చూడగానే సరిగ్గానే చదివాను. పెదప్పా అని ఉంది. పేదప్పా కాదు. పె.ద.ప్పా. పెద్ద అప్ప.

ఆయనకి ఇద్దరప్పలు. మా అమ్మకి రాసేటప్పుడు చినప్పా అని మొదలుపెట్టేవాడు, ఆ ఉత్తరాలు చిన్నప్పుడు నేనే చదివి పెట్టేదాన్ని. నీకు పెదప్పా. ఎదురుగా ఉంటే ఇద్దరూ అప్పలే, కాగితం మీద మాత్రం ఎవరికి ఏదో తెలియాలి కదా.

హిందీలో రెండు ఎ-లు లేవు పెద్దమ్మా. మనకి ఎత్వం వేరు, ఏత్వం వేరు. వాళ్ళకి ఉన్నది ఒక్కటే, దాన్ని ఎప్పుడూ సాగదీసే పలుకుతారు. మా స్కూల్లో హిందీ చెప్పే టీచరుకి తెలుగు రాదు. ఆ కాగితం చూపించి మొదటి మాట చదవమన్నాను. "పేదప్పా" అంది. మళ్ళీ చదవమన్నాను. మళ్ళీ అదే. "క్యా హువా దీదీ, గలత్ పఢా క్యా?" అని, తప్పు చదివానేమోనని కంగారుపడింది. ఆవిడ తప్పేం లేదు. మీ మాస్టారి తప్పూ లేదు. మా మూడో తరగతి పిల్లలు రోజూ చేసే పొరపాటు ఇది. తెలుగు పాఠం కింద హిందీ అక్షరాల్లో రాసుకుని, మెడని మేడ అని చదువుతారు. రోజుకి పదిసార్లు దిద్దుతాను.

సభలో ఒకతను లేచి, ఒక్క స్పెల్లింగ్ తప్పుకి సారు పేజీ అంతా తిరగరాయించేవారని చెప్పాడు. అందరూ నవ్వారు. నేను మాట్లాడలేకపోయాను. అప్పటికి నీ ఉత్తరం ఇంకా అందలేదు. ఇప్పుడైతే అసలు నిలబడలేకపోయేదాన్ని. నేను తెలుగు నేర్పుతానంటే ఆయన, "ఈ వయసులో పలకట్టుకుంతే నవ్వుతారే" అన్నాడు. నేనూ పట్టుబట్టలేదు. పట్టుబట్టి ఉంటే రెండో వారానికే ఎ, ఏ దగ్గరికి వచ్చేవాళ్ళం.

ఇంకొకటి ఉంది. నీకు బాధ అని పోయిన ఉత్తరంలో రాయకుండా ఆపేశాను. 2016లో బస్సు దిగి కొట్టు దగ్గర అచ్చమ్మ ఇల్లెక్కడని అడిగితే కొట్టాయన, "ఎవులు, పేదప్పా?" అన్నాడట. మామయ్య నాతో అన్న మాటలు ఇవి: "ఊరోళ్ళు మా అప్పని పేదప్ప అంతన్నారే కళా. నేను దేసాలు తిరిగీసి, అప్పని ఆ తీరులో ఒగ్గీసినాను. ఏ మొహం పెట్టుకుని ఎల్లను?" ఆ పేరు తన ఉత్తరంలోంచే వచ్చిందని ఆయనకి తెలియదు. తెలియకుండానే పోయాడు.

ఆ కాగితంలో ఉన్నది తెలుగులో ఎత్తి రాస్తున్నాను. ఒక్క అక్షరం మార్చలేదు.

"పెదప్పా, కళ్ళు మసకబారినాయి. డాకటరు ఆపరేసనంతన్నాడు. నువ్వు జవాబు రాయవని తెలుసు, కోపం పోనేదని తెలుసు. నేనేటి తప్పు సేసినానో ఒక్కపాలి చెప్పీసుంటే బాగుణ్ణు. అయినా రాస్తాను. రోజంతా ఇంగిలీసు, హిందీ. నీకు రాసినప్పుడే మన మాట నా చేతికొస్తాది. నువ్వు"

అక్కడితో ఆగిపోయింది.

కళ

*

డిగ్లీపూర్,
9 మార్చి 2025

కళమ్మా,

నీ ఉత్తరం వచ్చి మూడు రోజులయింది. మొదటి రోజు చదివాను. రెండో రోజు చిట్టిబాబుని పిలిచి హిందీలో ఆ మాట రాయమన్నాను. పెదప్ప అని ఒకటి, పేదప్ప అని ఒకటి. రెండూ ఒకేలా రాసి, "ఇంకేటున్నాదమ్మా, ఒకటే కదా" అన్నాడు. వాణ్ణి బయటికి పంపేసి తలుపు వేసుకున్నాను.

మన ఊరి బడిలో పంతులు ఎత్వం బదులు ఏత్వం పెడితే అరచేతి మీద కొట్టేవాడు. నేను ఎప్పుడూ దెబ్బలు తినలేదు, నాకా తేడా బాగా తెలుసు. తెలిసినదాన్ని, వినగానే ఇదేమిటని ఒక్కసారి అడగలేదు. నలుగురిలో నామోషీ ముందు వాడు నాకు కనపడలేదు. వాడు తప్పేం చెయ్యలేదు. ఇరవై తొమ్మిదేళ్ళు నేనే వాణ్ణి ఒంటరిని చేశాను. పొయ్యిలో ఎన్ని పెట్టానో లెక్క లేదు. వాటిల్లో ఏముందో ఇక ఎవరూ చెప్పలేరు. ఈ మూడు రోజులూ అన్నం దగ్గర కూర్చుంటే అదే గుర్తొస్తోంది, ఒక్కటైనా ఉంచుకోలేదే అని. ఏడుపు కూడా సరిగ్గా రావడం లేదు.

నేను రాలేను. మొదట రాను అని రాసినప్పుడు కూడా నిజానికి రాలేనే. మోకాళ్ళు పెరట్లోకే మోయడం లేదు, బస్సెక్కించడం నలుగురి వల్ల కూడా కాదు. రాలేను అని రాస్తే వాడి ముందు తగ్గినట్టని రాను అని రాశాను. చూశావా నా పౌరుషం.

అందుకని వాణ్ణే ఇక్కడికి తీసుకురా. ఉగాదికి ఇంకా మూడు వారాలున్నాయి. చిట్టిబాబు తన పడవలో ఏరియల్ బే రేవు దాటి సముద్రం లోపలికి తీసుకెళ్తానన్నాడు, నన్ను కుర్చీలో ఎత్తి పడవలో కూర్చోబెడతారట. నా చేత్తోనే కలుపుతాను.

కానీ ముందు ఒక పూట ఇంట్లో ఉండాలి. అస్థికలు గడప దాటించకూడదంటారు. గురువమ్మ అప్పుడే వచ్చి, "తప్పొదినా, సెట్టుకి కట్టించు, లోనకి తేకు" అని చెప్పి వెళ్ళింది. మంచికే చెప్పింది. నేను వినదలుచుకోలేదు. వచ్చే కీడేదో నాకే రానీ, ఎనభై ఒక్కేళ్ళదాన్ని. చాప పరిచి పెట్టాను. నెత్తళ్ళ చేపలు వేయించి, నిమ్మకాయ పిండి పక్కన పెడతాను. ఇంకేం ఇష్టమో నాకు తెలియదు. ముప్పై ఏళ్ళలో ఇష్టాలు మారి ఉంటాయి, నువ్వు రాయి.

బస్సు దిగాక కొట్టు దగ్గర ఎవర్నీ దారి అడగవద్దు. చిట్టిబాబు స్టాండులోనే ఉంటాడు. నువ్వు మొహమాటపడి వాకిట్లో ఆగిపోయేవు, ఆగకు. చెప్పులు విప్పి తిన్నగా లోపలికి వచ్చెయ్యి. నా తమ్ముణ్ణి వాకిట్లో నిలబెట్టకు.

పెద్దమ్మ